నెమలి మెడ రంగు

చోడవరంలో పరదేశి కొలిమి ఎక్కడయ్యా అని అడిగితే ఆ రోజుల్లో చంటిపిల్ల కూడా చెయ్యి చాపి చూపించేది. దేముడమ్మ కొలిమి ఎక్కడా అంటే మాత్రం అంత ఊళ్ళోనూ చెప్పగలిగినవాడు లేడు. రెండూ ఒకటేనని బయటివాళ్ళలో ఎరిగినవాడు ఒక్కడే. అతను పశువుల ఆసుపత్రి కాంపౌండరు దాసు. అతనికైనా ఎలా తెలిసిందంటే, దానికి మూలం అతని కాళ్ళు.

దాసు మనిషి పొట్టి. పొట్టి అంటే ఏదో మాటవరసకి అనే పొట్టి కాదు, నిలబెట్టి కొలిస్తే నాలుగడుగుల పదంగుళాలు. ఆసుపత్రి బీరువాలో పై అరనున్న సీసా కావాలంటే ముక్కాలిపీట ఎక్కాల్సిందే. సంతలో రైతులు పొట్టి కాంపౌండరనే పిలిచేవారు, అతనూ పలికేవాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, చెయ్యి మాత్రం బంగారం. అతను సూది పొడిస్తే పొగరుబోతు గిత్త కూడా తోక ఆడించకుండా నిలబడేది.

పందొమ్మిది వందల యాభై అయిదు వేసవిలో, రావికమతం అవతల కొండకింద పల్లెల్లో పశువులకి దొడ్డరోగం వచ్చింది. ఇవాళ మేత మానేసిన ఎద్దు వారం తిరక్కుండా చచ్చిపోయేది. ఎద్దు పోతే దుక్కి లేదు, బండి లేదు, చెరుకు గానుగ తిరగదు. జనం ఇంట్లో మనిషి పోయినట్టే ఏడ్చారు.

దానికి టీకామందు ఉంది. విశాఖపట్నం నుంచి పొద్దుటి బస్సులో, ఊకలో దిగేసిన ఐసుపెట్టెలో వచ్చేది. ఐసు ఉన్నంతసేపే అది మందు. కరిగిందా, ఇక మంచినీళ్ళతో సమానం. బస్సు తొమ్మిదింటికి వస్తే పన్నెండు లోపల పశువుకి పొడిచెయ్యాలి. సైకిలు తొక్కుకుంటూ పోతే దారిలోనే కరిగిపోతుంది. అందుకని పైవాళ్ళు ఆసుపత్రికి ఒక మోటారు సైకిలు పంపించారు.

అది యుద్ధంలో తిరిగిన మిలటరీ బండి. రోడ్డు లేనిచోట పరిగెత్తడానికే చేసింది. ముందు చక్రానికి అటూ ఇటూ రెండు లావుపాటి గొట్టాలు, వాటి కడుపులో స్ప్రింగులు. వెనక చక్రానికేమీ లేవు గానీ సీటు కింద మరో రెండు స్ప్రింగులు. ఏ ఆరడుగుల సోల్జరు కోసమో కట్టారు కాబోలు, దాసు ఎక్కి కూర్చుంటే రెండు కాళ్ళూ గాల్లో వేలాడేవి. అతని బొటనవేలికీ నేలకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం ఉండేది.

పరిగెడుతున్నంతసేపూ పరవాలేదు. ఆగడంతోనే వచ్చింది చావు. రోడ్డుమీదైతే ఏ మైలురాయి పక్కనో ఆపి దానిమీద కాలు మోపుకునేవాడు. చెరుకుచేల గట్లమీద, బండిచాళ్ళలో, ఏటి ఇసకలో మైలురాళ్ళెవడు పాతాడు? గేదె అడ్డం వస్తే చాలు, దాసు బండితో సహా పక్కకి ఒరిగిపోయేవాడు. మొదటి వారంలో మూడుసార్లు పడ్డాడు. మూడోసారి ఐసుపెట్టె పగిలి, అరవై పశువుల మందు మట్టిలో ఇంకిపోయింది.

ఆ పూట ఉత్తచేతులతో పల్లెకి పోతే అచ్చియ్యమ్మ అనే ఆవిడ అతని బండి హేండిలు పట్టుకుంది. మగదిక్కు లేని మనిషి, తన అరక తనే కట్టి తనే దున్నుకుంటుంది.

"నాకున్నది ఒక్క జత బాబూ. పక్కింటోలి గొడ్డు నిన్న పోయింది. మల్లీ ఎప్పుడొస్తావు?"

"గురువారం వస్తాను," అన్నాడు దాసు.

ఆసుపత్రి డాక్టరు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "నీ తప్పు కాదు దాసూ, నాకు తెలుసు. కానీ ఇంకొక్క పెట్టె పోయిందంటే బండి వెనక్కి పంపించెయ్యాలి. పొడుగాటి మనిషిని వెతికి పంపేసరికి వానలు దిగుతాయి," అన్నాడు. వానలు దిగేసరికి కొండకింద కొమ్ములున్న జీవం మిగలదని ఇద్దరికీ తెలుసు.

కాళ్ళు పొడుగు చేసుకునే ఉపాయం లేదు గనక బండినే పొట్టి చేద్దామనుకున్నాడు దాసు. సైకిలు షాపువాడు బండిని చూసి దూరం నుంచే దండం పెట్టేశాడు. చివరికి దాన్ని తోసుకుంటూ కమ్మరి వీధికి తీసుకొచ్చాడు.

పరదేశి అంటే కొడవళ్ళకి పేరు. వరికోతలకి ముందు ఆయన అరుగుమీద కూర్చోవడానికి చోటు దొరికేది కాదు. ప్రతి కొడవలి మీదా నెలవంక గుర్తు పొడిచి ఇచ్చేవాడు. అరవై దాటిన మనిషి. నోరు పెద్దది, గర్వం అంతకన్నా పెద్దది. దేముడమ్మ ఆయన భార్య. కొలిమి వెనక గోడ నీడలో తిత్తి తాడు పట్టుకుని కూర్చునేది. నుదుటి మీద గుండ్రటి పచ్చబొట్టు, నోట్లో నిప్పున్న కొస లోపలికి పెట్టుకుని పీల్చే అడ్డపొగ చుట్ట. చుట్ట ఉన్న నోటికి మాటలెక్కడివి? కొలిమికొచ్చిన జనం గోడనీ తిత్తినీ చూసినట్టే ఆవిడనీ చూసి, పరదేశితో మాట్లాడుకుని పోయేవారు.

గొట్టం మీది మూత తిప్పి తీశారు. లోపల్నుంచి మూరెడు పొడుగు స్ప్రింగు, నల్లటి నూనె ఓడుతూ పైకొచ్చింది. వీధి వీధంతా మూగింది. పరదేశి దాన్ని ఇనుము కొట్టే దాగలి మీద నిలబెట్టి, పైన చెక్కపెట్టి ఒళ్ళు బరువంతా వేసి నొక్కాడు. అణిగింది. వదిలాడు. లేచి మళ్ళీ అంతయింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ లేచింది. పక్కనున్నవాళ్ళు తమకీ ఒకసారి ఇమ్మని వరసకట్టారు.

"ఓరి బాబో!" అన్నాడు పరదేశి. "ఇన్నాల్లూ కోసే ఇనుమే సేసేను గానీ, ఊపిరి పీల్సే ఇనుం ఇదే సూడ్డం!"

"తగ్గించగలవా మావా?"

"నాలుగేల్ల ఎత్తు తగ్గించడానికి పరదేశి కావాలేటి? రెండు సుట్లు కోసీసి కొస సాపు సేసీడవే!"

అంత తేలిక కాలేదు. ఉలి పెట్టి కొడితే ఉలే మొక్కబోయింది. దాంతో స్ప్రింగుని నిప్పుల్లో దిగేసి ఎర్రగా కాల్చాడు, రెండు చుట్లు నరికాడు, కొస చదును చేశాడు. ఇక నీళ్ళతొట్లో ముంచబోతూంటే తిత్తి దగ్గర్నుంచి దేముడమ్మ చుట్ట తీసి మాట్లాడింది.

"నీల్లొద్దేమోనయ్యా. ఓ పాలి ఆలోసించు."

అరుగు నిండా జనం. వాళ్ళ ముందు పెళ్ళాం సలహా చెబితే పరదేశి ఊరుకుంటాడా? "నలబయ్యేల్ల సెయ్యే ఇది! నువ్వు తిత్తి ఊదు సాలు," అని స్ప్రింగుని నీళ్ళలో ముంచాడు. చుయ్యిమని ఆవిరి లేచింది. కొడవలికైతే సరిగ్గా అలాగే చెయ్యాలి. పుట్టి బుద్ధెరిగాక ఆయన చేసినవన్నీ కొడవళ్ళూ కత్తులూ నాగటికర్రులే. ఇనుము అనేది గట్టిగా ఉండాలి, అంతకుమించి దానికింకో గుణం ఉంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

నాలుగు స్ప్రింగులూ అలాగే చేసి బిగించారు. దాసు ఎక్కి కూర్చుంటే రెండు పాదాలూ మట్టిని తాకాయి. బతుకులో మొదటిసారి తను పొడుగయినట్టనిపించింది దాసుకి. జనం ఈలలు వేశారు.

గురువారం బస్సు రాగానే పెట్టె వెనక కట్టుకుని బయల్దేరాడు. ఊరు దాటి రెండు మైళ్ళు పోలేదు, ముందు చక్రం ఒక రాయెక్కి దిగింది. గొట్టం లోపల ఠంగుమంది. బండి ఎడమవైపుకి కుంగి అడ్డం తిరిగింది. దాసు పడుతూ పడుతూ చెయ్యి వెనక్కి వేసి పెట్టెని పొట్టకి లాక్కున్నాడు. మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి గానీ పెట్టె పగల్లేదు. పగలకపోయి ఏం లాభం? ఎడ్లబండి దొరికి ఊళ్ళోకి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమయింది. మూత తీస్తే వేడెక్కిన నీళ్ళలో సీసాలు తేలుతున్నాయి.

"సోమవారం పెట్టె ఎలాగూ వస్తోంది, దాన్ని ఆపలేను. మంగళవారం బండి కోసం లారీ వస్తుంది," అన్నాడు డాక్టరు. మిగిలింది ఒక్క సోమవారమే.

మర్నాడు ఎండ నడినెత్తినుండగా దాసు విరిగిన ముక్కలు పట్టుకుని కొలిమికి పోయాడు. తిట్టాలనే పోయాడు, దారిపొడుగునా తిట్లు కూర్చుకుంటూ పోయాడు. అరుగుమీద జనం లేరు. పరదేశి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. దాసు చెప్పిందంతా విని, ముక్కని చేతిలోకి తీసుకుని వేళ్ళతో తడిమాడు. విరిగిన కొస కిందికీ, మంచి కొస తన మొహం కేసీ పెట్టుకుని, చాలాసేపు చూస్తున్నట్టు కూర్చున్నాడు.

"ఒసే," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఇరిగిన కాడ ఎలగుంది?"

దేముడమ్మ వచ్చి చూసింది. "గల్లుప్పు పలుకుల్లాగ తెల్లగా మెరుస్తంది. నీల్లకి బిరుసెక్కీసింది."

దాసు తిట్లన్నీ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. పశువు కన్ను చూసి రోగం చెప్పేవాడు అతను. పరదేశి మొహంలోకి వంగి చూశాడు. రెండు నల్లగుడ్ల మీదా పాలమీగడ లాంటి పొర కమ్మి ఉంది.

"మావా, నీకు కళ్ళు కనబడవా?"

దేముడమ్మే చెప్పింది. "ఏడేల్లయింది బాబూ. నిప్పుల్లోకి సూసి సూసి పోయినాయి. మనిసి నీడలాగ అగుపిస్తాడు. ఇనుం రంగు ఆనదు."

"మరి కొడవళ్ళు? ఏడేళ్ళుగా ఆ కొడవళ్ళన్నీ?"

ఆవిడ పోయి తిత్తి దగ్గర కూర్చుంది. తాడు లాగింది. పొడుగ్గా ఒక ఊపు, పొడుగ్గా ఇంకో ఊపు, తర్వాత చటుక్కున రెండు పొట్టి ఊపులు. అరుగుమీద పరదేశి కుడిచెయ్యి దానంతటదే పట్టకారు కోసం లేచింది.

ఏడేళ్ళు! చోడవరం సంతలో అమ్మిన ప్రతి కొడవలీ, అరుగుమీద అంతమంది కూర్చుని చూస్తూండగానే, ఈవిడ గోడ నీడలోంచి తిత్తి ఊపుతో చెప్పింది. ఇంకా కాలాలి అంటే పొడుగు ఊపు. తియ్యి అంటే రెండు పొట్టి ఊపులు. ఆయన చెవులతో విని చేతులతో కొట్టాడు. జనం ఆయన్ని పొగిడారు. ఆవిడ చుట్ట కాల్చుకుంటూ కూర్చుంది. ఇంత పనితనం కళ్ళముందు జరుగుతూంటే చూడలేకపోయిన ఊరు ఊరంతా గుడ్డిదనిపించింది దాసుకి. అందులో తనూ ఉన్నాడు.

"ఎవులికీ సెప్పకు బాబూ," అన్నాడు పరదేశి. ఆ పెద్ద గొంతు ఎటు పోయిందో, పీలగా వచ్చింది మాట.

"సెప్పను మావా. నా ఎద్దుల మీద ఒట్టు," అన్నాడు దాసు. అతనికి ఎద్దులు లేవు. కొండకిందవన్నీ అతనివే అనుకుంటున్నాడేమో ఆ వారం.

అప్పుడు దేముడమ్మ నోరు విప్పింది. ఆవిడ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం పరదేశి కూడా ఎన్నడూ విన్నట్టు లేదు. ఆవిడ పుట్టిల్లు మాడుగుల. తండ్రి వేటగాళ్ళకి నాటుతుపాకులు బాగుచేసేవాడు. తుపాకి మీటలో చిన్న స్ప్రింగు ఉంటుంది, దాన్ని చేసేటప్పుడు తొమ్మిదేళ్ళ గుంటగా ఆవిడే తిత్తి ఊదింది.

"మా అయ్య నీల్లు ముట్టనిచ్చేవోడు కాదు. నువ్వుల నూనెలో ముంచేవోడు. ముంచీసి, తోమీసి, మల్లీ కాసింత యేడి సూపించేవోడు. అప్పుడు దానిమీద రంగులొస్తాయి. గడ్డిరంగు, తేనెరంగు, ఆ తరవాత వంకాయరంగు. అక్కడా తియ్యకూడదు. నెమలి మెడ రంగు రావాల. వచ్చిన రెప్పపాటున తీసీయాల. దాటిందంటే మెత్తబడిపోద్ది."

"రెప్పపాటంటే తిత్తితో సెప్పలేవు," అన్నాడు పరదేశి.

"సెప్పలేను."

చిక్కు ఎక్కడుందో ముగ్గురికీ తెలుసు. చూడగలిగే మనిషే పట్టకారు పట్టాలి. కానీ ఆడది పట్టకారు ముడితే కొలిమి చల్లారిపోతుందని వాళ్ళ ఇళ్ళలో నమ్మకం. తాతల నాటి నుంచీ ఏ ఆడదీ ముట్టలేదు. దేముడమ్మ కూడా ఆ నమ్మకంలో పుట్టిందే. ముట్టుకోమని మొగుడు బతిమాలినా ముట్టుకునే రకం కాదు.

శనివారం తెల్లారి కొలిమి తలుపు మూసేశారు. పనికి దిష్టి తగులుతుందని చెప్పి వీధి జనాన్ని తరిమేశారు. లోపల ముగ్గురే. తాటాకు కప్పులో ఒక కంతలోంచి మాత్రం ఎండ చారగా దిగుతోంది. విరగ్గా మిగిలిన స్ప్రింగు ఎంతుందో ముందు చక్రం రెండోదాన్నీ అంతకే కోశారు. పొట్టయినంత మేరా అడుగున ఇనపబిళ్ళలు పెట్టుకోవచ్చు. దాసు తిత్తి దగ్గర కూర్చున్నాడు, ఎలా ఊదాలో ఆవిడ రెండుసార్లు చూపించింది.

స్ప్రింగు కాలి దానిమ్మగింజ రంగుకొచ్చింది. దేముడమ్మ "ఊఁ" అంది. పరదేశి తీసి నూనెలో ముంచాడు. కొలిమంతా పిండివంటల వాసన కమ్మింది. తర్వాత దాన్ని ఇటుకపొడితో మిలమిలలాడేలా తోమారు. ఒక మూలన పాత బెల్లం పెనంలో ఇసక కాగుతోంది. మంగలంలో పేలాలు వేయించినట్టు ఆ ఇసకలో స్ప్రింగుని దొర్లించాలి. ఇక రంగులొచ్చే వేళ అయింది. పట్టకారు ఎవరు పడతారు?

పరదేశే పట్టాడు. దేముడమ్మ ఆయన వెనక్కి వచ్చి కూర్చుని, చెయ్యి ముందుకు చాపి ఆయన మణికట్టు పట్టుకుంది.

"పట్టకారు నాను ముట్టుకోలేదు కదా," అంది.

"నేదు. నా సెయ్యే ముట్టుకున్నావు," అన్నాడు పరదేశి.

దాసు ఊదడం మరిచిపోతే ఆవిడ కసిరింది. ఆవిడ ఆయన చెయ్యిని తిప్పింది, ఆయన చెయ్యి పట్టకారుని తిప్పింది, స్ప్రింగు ఇసకలో మెల్లగా దొర్లింది. ఎండచారలో తెల్లటి ఇనుము మీద ఎక్కడినుంచో పసుపు వచ్చింది, ఎవరూ పూయకుండానే. పసుపు చిక్కబడి తేనెరంగైంది. ఒకచోట ముందు పాకుతోంది, ఇంకోచోట వెనకబడుతోంది. వెనకబడిన చోటుని ఆవిడ ఇసకలోకి నొక్కుతుంది, ముందుకుపోయినదాన్ని పైకెత్తుతుంది. చుట్టు చుట్టునా సమంగా వంకాయరంగు కమ్మింది. ఇనుములో ఇన్ని రంగులు దాక్కుని ఉంటాయని దాసు కలలో కూడా అనుకోలేదు. ఆ వంకాయరంగు అంచుల్లోంచి నీలం లేచింది. నీలమంటే అలాంటిలాంటి నీలం కాదు, ఒక కొస నుంచి రెండో కొసకి నెమలి మెడ తిప్పినట్టు నిగనిగలాడుతూ పరుగెత్తింది.

ఆవిడ మణికట్టుని పైకి లాగింది. స్ప్రింగు గాల్లో ఉంది.

"వచ్చిందేటే?" అన్నాడు పరదేశి.

"వచ్చింది."

"ఎలగుంది?"

"మా అయ్య సేసినట్టే ఉంది," అంది దేముడమ్మ. అని ఏడ్చింది. దాసుకీ కళ్ళు చెమ్మగిల్లాయి. ఏం చేశారయ్యా అంటే ఒక ఇనపతీగ చుట్టని నీలంగా చేశారు, అంతే. కానీ గుళ్ళో హారతి చూసినప్పుడు కూడా అతనికి అలా చేతులు జోడించాలనిపించలేదు.

పొద్దు వాలేసరికి నాలుగూ అలాగే అయ్యాయి. రెండోదానికొకసారి రంగు దాటిపోతే మళ్ళీ మొదట్నుంచీ చేయించింది ఆవిడ, పరదేశి కిమ్మనలేదు. అంతా అయ్యాక ఆయన ఉన్నట్టుండి, "ఒసే, నూతికాడికెల్లి నీల్లట్రా," అన్నాడు.

"బాన నిండుగా ఉంది కదయ్యా."

"సెప్పింది సెయ్యే! అన్నిటికీ ఎదురు!"

ఆవిడ సణుక్కుంటూ బిందె తీసుకుని పోయింది. ఆయన స్ప్రింగుల్ని ఒళ్ళోకి లాక్కుని, చదును చేసిన కొసల్ని బొటనవేలితో వెతుక్కుని, అటు తిరిగి సుత్తితో ఏదో పొడిచాడు. "గుర్తా మావా?" అంటే, "గుర్తు పొడవకుండా కమ్మరోడు ఇనుం వదుల్తాడేటి?" అన్నాడు. ఆ రాత్రంతా ఒక్కో స్ప్రింగు మీద వంతులవారీగా దాగలి పెట్టి ఉంచారు. తెల్లారి దించి పుల్లతో కొలిస్తే గోరంత కూడా తగ్గలేదు.

సోమవారం తొమ్మిదింటికి పెట్టె ఎక్కింది. గురువారం స్ప్రింగు విరిగిన రాయి దగ్గరికి వచ్చేసరికి దాసు పళ్ళు బిగబట్టాడు. చక్రం రాయెక్కింది, దిగింది. గొట్టాలు మెత్తగా లోపలికి పోయి మెత్తగా పైకొచ్చాయి. బండిచాళ్ళు దాటాడు, గట్లు దాటాడు. అడ్డొచ్చిన గేదెని చూసి ఆగాడు, పాదం మోపుకుని నిలబడి దాన్ని తీరిగ్గా తిట్టి మరీ కదిలాడు. ఏటి మధ్యకి పోయేసరికి ఇంజను ఆగిపోయింది. మోకాలిలోతు నీళ్ళు, కింద గులకరాళ్ళు. దాసు రెండు కాళ్ళూ దించాడు. రెండు కాళ్ళకీ నేల అందింది! బండి ఒరగలేదు. వెనక పెట్టె ఒరగలేదు. నట్టేట్లో నిలబడి అతను పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకి అవతల గట్టున బట్టలుతుకుతున్నవాళ్ళు పిచ్చెక్కిందనుకున్నారు.

పదకొండు కాకముందే పల్లె చేరాడు. అచ్చియ్యమ్మ తన జతని గుంజకి కట్టి ఎదురుచూస్తోంది. రెండూ బతికే ఉన్నాయి. ఆ పూట డెబ్బయి రెండు పశువులకి పొడిచాడు. అయ్యేసరికి పెట్టెలో ఇంకా చింతపిక్కంత ఐసుముక్క మిగిలింది. తీసి అచ్చియ్యమ్మ అరచేతిలో పెట్టాడు.

"ఓలమ్మో! సల్లగా కాల్తందేటి బాబూ!" అని ఆవిడ దాన్ని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ, అది కరిగి పోయేదాకా కళ్ళార్పకుండా చూసింది.

మంగళవారం లారీ ఖాళీగా వెనక్కి పోయింది. వానలు దిగేలోపల దాసు కొండకింద తిరగని దొడ్డి లేదు. పొట్టి కాంపౌండరు బండిని పొట్టి చేసిన పరదేశి పేరు నర్సీపట్నం దాకా పాకింది. పరదేశి మీసం దువ్వుకున్నాడు. దాసు నోరు మూసుకున్నాడు. ఊరందరి ముందూ నిజం చెప్పెయ్యాలని నాలుక కొసదాకా వచ్చేది, ఒట్టు గుర్తొచ్చి మింగేవాడు. ముసలాడి మీద కోపం కూడా వచ్చేది. ఒక్కసారి, ఒక్క మనిషితోనైనా, ఇది మా దేముడమ్మ చేసిన పని అనొచ్చు కదా? అనలేదు. అనకుండానే యాభై ఎనిమిదిలో పోయాడు.

ఆ మరుసటేడు బండి కూడా ముసలిదై, విశాఖపట్నంలో వర్క్‌షాపుకి విప్పడానికి పోయింది. దగ్గరుండి అప్పగించడానికి దాసు వెళ్ళాడు. విప్పినవాడు అబ్దుల్ రజాక్, యుద్ధకాలంలో మిలటరీ లారీల మీద పనిచేసిన మేస్త్రీ. గొట్టంలోంచి స్ప్రింగు తీసి, తుడిచి, కొలిచి, మళ్ళీ కొలిచాడు.

"ఎవరు చేశారిది?" అన్నాడు. "నాలుగేళ్ళు కొండదారిలో తిరిగిన స్ప్రింగిది. ఒక్క వెంట్రుకవాసి కుంగలేదు. మా దగ్గర మిషన్లున్నాయి, ఇలా పదును పెట్టలేం. ఇదిగో, ఏదో గుర్తు కూడా ఉంది."

దాసు తీసుకుని చూశాడు. చదును కొస మీద పరదేశి నెలవంక. ఆ నెలవంకని ఆనుకుని గుండ్రటి చుక్క ఒకటి. రెండో స్ప్రింగు చూశాడు. నెలవంక, చుక్క. సీటు స్ప్రింగులు కూడా విప్పించి చూశాడు. నాలుగింటి మీదా ఉంది. ఎవరూ ఎన్నడూ చూడని చోట, గొట్టం కడుపులో, నూనెలో మునిగి నాలుగేళ్ళు అలా ఉంది.

రజాక్‌ని అడిగి ఒక స్ప్రింగు తెచ్చుకున్నాడు. సాయంత్రం బస్సు దిగి నేరుగా కమ్మరి వీధికి పోయాడు. దేముడమ్మ అరుగుమీద కూర్చుని ఉంది. కుంకం లేదు, నుదుట పచ్చబొట్టు మాత్రం అలాగే ఉంది. దాసు స్ప్రింగుని ఆవిడ చేతిలో పెట్టి, బొటనవేలుని కొస మీదికి జరిపాడు.

ఆవిడ తడిమింది. "ఇది ఆయన నెలవంక. పక్కన ఈ సుక్కేటి బాబూ? ఆయన ఎప్పుడూ సుక్క పొడవలేదే?"

"ఆ పొద్దే పొడిసేడత్తా," అన్నాడు దాసు. అతని చూపు ఆవిడ నుదుటి పచ్చబొట్టు మీదికి పోయింది.

దేముడమ్మ చుట్ట నోట్లోంచి తీసి పక్కన పెట్టింది. వేలు మళ్ళీ ఆ చుక్క మీదికే పోయింది, అక్కడే ఆగింది.

"బాన నిండుగా ఉందిరా ఆ పొద్దు," అంది. "నిండుగా ఉంటే నన్ను నీల్లకంపేడు."